పదహారో కాగితం

"ఇవాళ్టికి నాలుగో రోజు. ఎంత వెయ్యమంటావు?"

గుమ్మం బయట కుర్చీలో కూర్చున్న మాస్టారు గ్రాఫు కాగితం మోకాలి మీద పెట్టుకుని అడిగాడు. మేస్త్రమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

"నొప్పి పదికి ఎంత అని అడుగుతున్నాను. ఏడా, ఎనిమిదా?"

ఆమె దుప్పటి భుజం మీదికి లాక్కుంది.

"సరే, ఎనిమిది వేస్తున్నాను." పెన్సిలు గీసిన చప్పుడు. "నర్సు ఇచ్చిన కాగితం చదవనా? ఒళ్లు వదులవుతుంది."

"వద్దు."

నాలుగు రోజులుగా ఆ మొగుడూపెళ్లాల మధ్య ఆమె వైపు నుంచి నడుస్తున్న సంభాషణ ఆ ఒక్క మాటే.

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచి, గ్రాఫుని గుమ్మం పక్క గోడకి మళ్లీ అంటించాడు. మూతికి మాస్కు కట్టుకున్న మనిషి నిట్టూర్పు కూడా సరిగ్గా వినిపించదు. పక్కగదిలోకి వెళ్లిన అడుగులు మాత్రం ఆమె లెక్కపెట్టింది. తొమ్మిది. ఆపరేషనుకి ముందు ఆ తొమ్మిదడుగులకే ఆయనకి ఆయాసం వచ్చేది. కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు. ఐదు వారాలుగా ఆమె కిడ్నీ ఆయన పొత్తికడుపులో కూర్చుని బుద్ధిగా పని చేసుకుంటోంది. ఆయన మొహానికి రంగు వచ్చింది.

ఇక్కడ ఆమెకి మిగిలింది ఎడమ పక్కటెముకల కింద జానెడు కుట్టు. దగ్గితే లాగుతుంది, తుమ్మితే పొడుస్తుంది. ఊరికే ఉన్నా ఉన్నానని గుర్తు చేస్తుంది.

దిండు కింద చెయ్యి పెట్టి చూసుకుంది. కాగితం ఉంది.

ఆ కాగితం ఇంకొకరికైతే దొరికేది కాదు. ఇరవై ఏళ్లు బైండింగు షాపులో అచ్చయిన కాగితాలు ఫారాలుగా మడిచి, కుట్టి, జిగురు రాసి, ప్రెస్సులో బిగించిన మనిషి ఆమె. కొత్తగా వచ్చినవాళ్లకి పని నేర్పేది కాబట్టి మేస్త్రమ్మ అయింది. ఆ పేరు షాపు నుంచి ఇంటిదాకా వచ్చేసింది. మంచం మీద చేతులు ఊరుకోక, ఆస్పత్రి ఫైలులో కాగితాలు జారిపోతున్నాయని సూదీ దారం తెప్పించుకుంది. అత్తగారే ముచ్చటపడి ఫైలు తెచ్చి ఒళ్లో పెట్టింది.

బైండింగు పనివాళ్లు వరస చూడకుండా సూది ఎక్కించరు. పదిహేను తర్వాత పదిహేడు వచ్చింది. ఆమె అట్ట లోపలి అరలో వేలు పెట్టి తడిమింది. నాలుగు మడతలు పెట్టిన పదహారు అక్కడ ఉంది.

రోగికి బంధుత్వం: అక్క. అన్ని పరీక్షలూ సరిపోయాయి. కిడ్నీ ఇవ్వడానికి తగును. కింద తేదీ.

ఆ తేదీకి పదిహేను రోజుల తర్వాతే అత్తగారు ఆమె గడ్డం పట్టుకుని ఏడ్చింది. "అందరివీ చూశారమ్మా, ఎవరిదీ సరిపోలేదు. ఇక నువ్వే వాడికి దిక్కు."

దాచిన చెయ్యి ఎవరిది? అత్తగారు ఏ కాగితాన్నైనా నాలుగు మడతలు పెట్టేస్తుంది, మందుల చీటీతో సహా. మాస్టారు ఏ కాగితాన్నీ చించడు, తప్పు లెక్కనైనా అడ్డంగా ఒక గీత గీసి పక్కన పెడతాడు. మడత చూస్తే అత్తగారు. చించకపోవడం చూస్తే ఆయన.

అత్తగారే అయితే బాగుండునని మేస్త్రమ్మ నాలుగు రోజులుగా కోరుకుంటోంది. అత్తగారి మీద కోపంతో ఒక ఇంట్లో బతకొచ్చు. అది ఆమెకి అలవాటే. ఆయనకి కూడా తెలుసు అంటే మాత్రం, ఆ తర్వాత ఏ గదిలో పడుకోవాలో ఆమెకి తోచడం లేదు. అందుకే అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

* * *

పదింటికి నర్సు వచ్చింది. ఆస్పత్రి తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆపరేషను మనుషుల్ని చూసుకునే మనిషి. చెప్పులు విప్పకముందే మాటలు మొదలవుతాయి.

"ఒక ఇంట్లో రెండు కుట్లు. నాకు ఒక ప్రయాణంలో రెండు పనులు. ఇలాంటి ఇళ్లే దొరికితే నా మోకాళ్లు బాగుపడతాయి." చేతులు కడుక్కొచ్చి కుట్టు చూసింది, చుట్టూ నొక్కింది. "చీము లేదు, వేడి లేదు. చక్కగా మానింది. ఇవాళ్టి నుంచి వీధి చివరిదాకా నడవండి." అప్పుడు గోడకి అంటించిన గ్రాఫు మీద ఆమె చూపు పడింది. "ఇదేంటమ్మా, దిగుతున్న గీత మళ్లీ మెట్లెక్కుతోంది? మాత్రలు మానేశారా?"

"మానలేదు."

"మరి చదివించుకోవడం?"

మేస్త్రమ్మ గ్రాఫు మీద నుంచి చూపు తిప్పుకుంది.

"ఇది మాత్రకి బదులు కాదు, మాత్రకి తోడు. రెండూ ఉండాలని చెప్పానా లేదా?" నర్సు మంచం పక్కన కూర్చుంది. "మీ ఆయన చేత చదివించుకోమని నేను సరదాకి చెప్పలేదు. ఆస్పత్రిలో నేను చదివితే మీకు ఏడు నుంచి ఆరుకి దిగింది. ఆయన చదివిన మొదటిరోజే నాలుగుకి దిగింది. ఒళ్లు ఎవరి గొంతుకి వదులవుతుందో దాని ఇష్టం. మనం చెప్తే వినదు."

మేస్త్రమ్మకి ఒళ్లు మండింది. కానీ అబద్ధమని అనలేకపోయింది.

ముప్పై ఏళ్లు చివరి బెంచీదాకా లెక్కలు చెప్పిన గొంతు అది. తొందర లేదు. 'కాలి వేళ్లు బిగించండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వదలండి. ఇప్పుడు పిక్కలు. గాయం దగ్గర మాత్రం బిగించకండి.' మొదట్లో ఆమె ఐదుకి వదిలేది కాదు. ప్రెస్సు బిగించాక జిగురు ఆరేదాకా వదలకూడదన్నది చేతులకి పట్టిన పాఠం. వేళ్లు బిగించి వందదాకా ఉంచేసి, పిక్క పట్టేసి మూలిగింది. ఆయన నవ్వాడు. "ఐదు చాలు. నీ కాలు పుస్తకం కాదు." నవ్వితే కుట్టు లాగుతుందని ఇద్దరూ నోళ్లు మూసుకుని నవ్వారు.

ఇంకొకటి కూడా ఉంది. పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఆయన ఆమెను 'మీరు' అన్నది నర్సు ఇచ్చిన ఆ కాగితం చదివేటప్పుడే. కాగితంలో అలా ఉంది కాబట్టి అన్నాడు. అయినా ఆమెకి బాగుండేది.

"కళ్లు మూసుకోండి. ఇవాళ్టికి నేనే చేయిస్తాను," అంది నర్సు.

పాదాలు అయ్యాయి, చేతులు అయ్యాయి, భుజాలు అయ్యాయి.

"ఇప్పుడు దవడ. పైపళ్లు కిందపళ్లని అంటకూడదు. మధ్యలో ఒక గింజ పట్టేంత సందు ఉండాలి." నర్సు ఆమె చెంప మీద వేలు పెట్టి చూసింది. "రాయిలా ఉంది."

"నాకు అదొక్కటే రాదండి."

"ఏం నమలకుండా పట్టుకున్నారో ఏమో. పోనీ, మనసుకి హాయిగా ఉండే చోటు ఒకటి తలుచుకోండి. అక్కడ కూర్చున్నట్టు అనుకోండి. ఎక్కడ కూర్చున్నారు?"

"షాపులో. కుట్టుపీట మీద."

"ఇంట్లో ఎక్కడా కాదా?"

"ఇంట్లో కాదు."

నర్సు లేచింది. గ్రాఫు మీద ఆరున్నర దగ్గర చుక్క పెట్టి, పక్కగదిలోకి వెళ్లింది. అక్కడినుంచి ఆమె మాటలు, మాస్టారి మెల్లటి నవ్వు వినిపించాయి.

* * *

మధ్యాహ్నం ఆడపడుచు వచ్చింది, సంచీ నిండా ఆపిల్ పళ్లతో. ముందు తమ్ముడి గుమ్మం దగ్గర నిలబడి కుశలం అడిగింది. ఆ గుమ్మం దగ్గరికి ఆవిడ రోజూ వస్తుంది. మరదలి గదిలోకి రావడం ఈ ఐదు వారాల్లో ఇది మూడోసారి.

"ఏమ్మా, మొహం అంత పీక్కుపోయిందేంటి?"

"బరువు తగ్గాను కదా వదినా. లోపల ఒకటి తక్కువ."

నవ్వాలో కూడదో తెలియక ఆడపడుచు కత్తి తీసుకుని పండు తొక్క తియ్యడం మొదలుపెట్టింది. తొక్క తెగకుండా పొడుగ్గా తియ్యడం ఆవిడకి వచ్చిన విద్య.

మేస్త్రమ్మ దిండు కింద నుంచి కాగితం తీసింది. మడతలు విప్పి, అరచేత్తో సాపుచేసి, పళ్లెం పక్కన పెట్టింది.

తొక్క తెగింది.

"ఇది నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. వరసలో లేదు, వెతుక్కున్నాను."

ఆడపడుచు తలుపువైపు చూసింది. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన అత్తగారు అక్కడే నిలబడిపోయింది. చదువు రాకపోయినా ఆ కాగితం మీద మడతలు ఆవిడకి తెలుసు.

"ఎవరిదీ సరిపోలేదన్నారు అత్తయ్యా."

"అన్నాను." అత్తగారు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. "గొంతు తగ్గించి మాట్లాడు. వాడికి బీపీ పెరగకూడదు."

"నాకు పెరగొచ్చా?"

"అన్నిటికీ పెడర్థాలు తియ్యకు. దాని సంగతి నీకు తెలియంది కాదు. ఇద్దరు పిల్లలు. అత్తింటివాళ్లు ఒప్పుకోవద్దూ? రేపు దానికేదైనా అయితే వాళ్లు నన్ను బతకనిస్తారా?"

"వదిన ఒళ్లు కొయ్యాలంటే వాళ్ల అత్తగారు ఒప్పుకోవాలి."

"మరి? అది వాళ్లింటి కోడలు."

"నా ఒళ్లు కొయ్యడానికి నా అత్తగారు ఒప్పుకుంది."

అత్తగారు తువ్వాలు ఒక మడత పెట్టింది. రెండో మడత పెట్టింది.

"నీకైతే వెనకా ముందూ ఎవరున్నారు?" అంది చివరికి. తిట్టినట్టు అనలేదు, మామూలుగానే అంది. "పిల్లా జెల్లా లేరు. నీకున్నది వాడే. వాడు పోతే నువ్వేం చేసేదానివి? నీకోసం కూడా కాదూ?"

"అమ్మా, ఊరుకో," అంది ఆడపడుచు.

మేస్త్రమ్మ ఆడపడుచువైపు తిరిగింది. తిరిగేటప్పుడు కుట్టు లాగింది, పళ్లు బిగబట్టింది.

"అడిగితే నేను ఇచ్చేదాన్నే వదినా. 'సరిపోయింది గానీ భయమేస్తోంది' అని నువ్వు ఒక్క మాట చెప్పుంటే, నీకు బదులు నేనే వెళ్లి పడుకునేదాన్ని. అప్పుడు ఇచ్చినట్టుండేది. ఇప్పుడు నా దగ్గర లాక్కున్నట్టుంది."

"భయమా?" ఆడపడుచు కత్తి పళ్లెంలో పెట్టేసింది. "నాకు భయమేసిందని నీకెవరు చెప్పారు?"

"నోరు ముయ్యి," అంది అత్తగారు.

"ఎన్నాళ్లు ముయ్యమంటావు? ఈ గదిలోకొచ్చినప్పుడల్లా నా మొహం నేనెక్కడ పెట్టుకోవాలి? అందరిలో నేను పిరికిదాన్నా?" ఆవిడ పళ్లెం పక్కకి తోసింది. "మా ఇంట్లోవాళ్లు కాదన్నారు, నిజమే. నేను వాళ్లని కాదనుకునే వచ్చాను. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని, సంతకం పెడదామని పెన్ను తీశాను. వాడే నా చెయ్యి పట్టుకున్నాడు."

మేస్త్రమ్మ కాగితం అంచు వేలితో నొక్కి పట్టుకుంది.

"'నువ్వొద్దక్కా' అన్నాడు. 'ఇంట్లో మనిషి ఉందిగా. తను కాదనదు. నీది సరిపోలేదని చెబుదాం, ఇంకెవరూ లేరంటే తను ఆలోచించదు' అన్నాడు. అదీ జరిగింది. ఇక నన్ను అడక్కు. అడగాల్సిన మనిషి పక్కగదిలో ఉన్నాడు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదే," అని అత్తగారు మంచం కోడు పట్టుకుని కూలబడింది.

ఆడపడుచు కళ్లు తుడుచుకుంటూ వంటగదిలోకి వెళ్లింది. సగం తొక్క తీసిన పండు పళ్లెంలో మెల్లగా నల్లబడింది.

* * *

ఐదింటికి మాస్టారు కుర్చీ లాక్కుంటూ వచ్చాడు. సాయంత్రం చదివే వేళ అది. వద్దంటుందని తెలిసినా నాలుగు రోజులూ వేళ తప్పలేదు.

గుమ్మంలో మేస్త్రమ్మ ఎదురైంది. చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, చదివే కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇవాళ నేను చదువుతాను. మీకూ కుట్టు ఉందిగా. వెళ్లి పడుకోండి."

ఆయన మొహం విప్పారింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన అన్ని మాటలు. "నువ్వు నించోకూడదు, కుర్చీ వేసుకో," అంటూ తనే కుర్చీ వెనక్కి తీసుకెళ్లాడు. మంచం మీద వెల్లకిలా పడుకుని, చెప్పక ముందే కళ్లు మూసుకున్నాడు.

"కాలి వేళ్లు బిగించండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. వదలండి."

ఆమె గొంతులో తొందర లేదు. ఎలా చదవాలో ఆయన దగ్గరే నేర్చుకుంది. పిక్కలు అయ్యాయి. తొడలు అయ్యాయి. పొత్తికడుపు దగ్గర మాత్రం బిగించవద్దంది. దుప్పటి అక్కడ కాస్త ఉబ్బెత్తుగా లేస్తూ పడుతూ ఉంది.

"కుడి పిడికిలి బిగించండి. వదలండి."

ఆ పిడికిలినే చూస్తూ కూర్చుంది. సుద్దముక్క పట్టుకుని అరిగిన వేళ్లు. అక్క చెయ్యి పట్టుకుని ఆపిన వేళ్లు.

"దవడ వదలండి. పళ్లు పళ్లని అంటకూడదు."

మాస్టారి దవడ ఇట్టే జారింది. ఆమెకి ఐదు వారాల్లో రానిది ఆయనకి మొదటిసారే వచ్చేసింది. నిద్రపోయే పిల్లాడిలా ఉన్నాడు. మాస్కు కింద నోరు కొంచెం తెరుచుకున్నట్టుంది.

అదే గొంతుతో, హెచ్చించకుండా, కాగితంలో తర్వాతి వాక్యం చదివినట్టే అడిగింది. "వదిన సంతకం పెట్టబోతే ఏ చేత్తో ఆపారు?"

ఆయన కళ్లు తెరుచుకున్నాయి. కప్పువైపే చూస్తున్నాయి.

"అక్క చెప్పిందా?"

"కాగితం దొరికింది. మిగతాది వదిన చెప్పింది. మడత పెట్టింది అత్తయ్య. దాచమన్నది మీరు. అవునా?"

కప్పుకే చెప్పినట్టు అన్నాడు. "అవును."

ఇంతసేపూ బిగబట్టుకున్న చిన్న ఆశ ఏదో ఆమెలో చప్పుడు లేకుండా తెగింది. కుట్టు తెగిన ఫారంలా ఎక్కడి కాగితం అక్కడ జారినట్టయింది.

"అక్క చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పింది. దాని ఒళ్లు కోయించుకుని నేను బతకడం..." ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు. "మనసొప్పలేదు."

"నా ఒళ్లంటే ఒప్పిందా?"

"నిన్ను వేరే మనిషివని అనుకోలేదు. నువ్వూ నేనూ ఒకటే అనుకున్నాను."

"ఒకటే కాబట్టి అడగక్కర్లేదు."

ఆయన తల తిప్పి ఆమెవైపు చూశాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "అడిగితే కాదనేదానివా?"

"అనేదాన్ని కాదు."

"మరి తేడా ఏముంది? ఎలా చేసినా జవాబు ఒకటేగా."

"మీరు లెక్కల మాస్టారు. జవాబు సరిపోయినా, మధ్యలో మెట్లు లేకపోతే పిల్లలకి మార్కులు వేస్తారా?"

ఆయన చూపు మళ్లీ కప్పుకి పోయింది.

"ఏమంటారు వాణ్ని? పక్కవాడిది చూసి రాశాడంటారు. నిలబెట్టి అడుగుతారు. ముప్పై ఏళ్లు అడిగారు మీరు."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. వంటగదిలో పళ్లెం చప్పుడు ఆగింది. అత్తగారో, ఆడపడుచో, ఇద్దరూనో గోడకవతల చెవులు పెట్టుకుని ఉన్నారు.

"కోపం తెచ్చుకో," అన్నాడు మాస్టారు. "నాలుగు తిట్టు. ఇలా చదువుతున్నట్టు మాట్లాడకు. ఇక్కడ పట్టేస్తోంది." పొత్తికడుపు మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆమె చూపు ఆ చేతి మీదే ఆగింది. చెయ్యి కింద దుప్పటి, దుప్పటి కింద కుట్టు, కుట్టు కింద తనది.

"పదికి ఎంత?"

"తొమ్మిది."

"కళ్లు మూసుకోండి. ఊపిరి మెల్లగా లోపలికి తీసుకోండి."

మంచి విద్యార్థిలా ఆయన తీసుకున్నాడు. ఛాతీ లేచింది.

"పట్టుకోండి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు."

మేస్త్రమ్మ కాగితం కుర్చీలో పెట్టి లేచింది. ఐదు తర్వాత రావాల్సిన మాట కాగితంలో ఉంది, ఆమె నోట్లో లేదు.

తొమ్మిదడుగులు. తన గది గుమ్మం వచ్చింది, దాటేసింది. గోడకి ఆనుకుని నిలబడ్డ అత్తగారు ఉలిక్కిపడింది.

"అప్పుడే అయిపోయిందా చదవడం?"

"సగంలో ఉంది అత్తయ్యా. మిగతాది వదిన చేత చదివించండి."

"నువ్వెక్కడికి? ఆపరేషను మనిషివి, ఈ వేళప్పుడు..."

"నర్సు నడవమంది. వీధి చివరిదాకా." చెప్పులు వేసుకోవడానికి వంగితే కుట్టు లాగింది. గోడ పట్టుకుని, వంగకుండానే కాలితో వెతికి వేసుకుంది. వీధి చివర మలుపు తిరిగితే బైండింగు షాపు. ఏడింటిదాకా తెరిచే ఉంటుంది.

"ఎప్పుడొస్తావమ్మాయ్?"

తలుపు గడియ మీద ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. లోపల మాస్టారు ఇంకా ఊపిరి బిగబట్టే ఉన్నాడో, తనంతట తనే వదిలేశాడో, ఆమె వినలేదు. గడియ తీసింది.